ఎరవు వెలుగు

లోయలను చూచుటకు రెండు మార్గములు గలవు. అంచున నిలిచి క్రిందికి చూచుట యొకటి, అడుగున నిలిచి పైకి చూచుట రెండవది. గండికోట కొమ్మున నిలిచి, ఎఱ్ఱని ఱాతిగోడల నడుమ పెన్నానది వంపుదిరిగి పోవుటను చూచిన తెలుగువారికి మొదటి మార్గము క్రొత్తది కాదు. అమెరికాకు పోయిన మనవారిలో పెక్కుమంది యరిజోనాలోని గ్రాండ్ కాన్యన్‌ను చూచి వచ్చునదియు నా విధముగనే: కటకటాలను పట్టుకొని అగాధమును తొంగిచూచి, ఒక్కసారి "అబ్బ" యని, దానికి వీపుద్రిప్పి నిలిచి ఫోటో తీయించుకొని, చీకటి పడక ముందే కారెక్కుట. అందు నిందింపదగిన దేమియు లేదు. అంత లోతును చూచి "అబ్బ" యనక మఱేమనవలెను? కాని అంచున నిలిచినవానికి లోయ యొక దృశ్యము మాత్రమే; వాడు దానిలో లేడు, దాని వెలుతురు వానిపై పడదు. యూటా రాష్ట్రపు నైరృతిమూలనున్న జయన్ జాతీయోద్యానమున దారి తిన్నగ లోయ యడుగుననే ప్రవేశించును. పదునైదు మైళ్ల పొడవును, కొన్ని తావుల దాదాపు అరమైలు లోతును గల యా కందరములో యాత్రికుడు మొదటి నిమిషము నుండియే గోడల నడుమ నుండును. చూచుట యనగా తలయెత్తుటయే. తెలుగు బైబిలు చదివినవారు సీయోనని యెఱిగిన పేరే యిది. 1860ల దశకమున నచ్చట కాపురమున్న మార్మన్ రైతు ఐజాక్ బెహ్యూనిన్ లోయకు పెట్టినది. అంతకు బహుకాలము పూర్వము నుండియు దక్షిణ పాయూటీ జాతివారి నేల యది. 1909లో రక్షిత ప్రదేశముగ ప్రకటించినపుడు వారి భాషలోనిదగు ముకుంతువీప్ అను పేరే పెట్టిరి గాని, నోరు తిరుగదని కాబోలు, 1918లో మార్చివైచిరి. మఱుసటి సంవత్సరము నవంబరులో నది జాతీయోద్యానమయ్యెను.

మేము పోయినది ఏప్రిల్ మాసమున. మన సీమలో నా వేళకు మధ్యాహ్నపు వీధులు నిర్జనములై, చలివేంద్రములు వెలసియుండును. అచ్చట నది వసంతారంభము. లోయకు పైనున్న పీఠభూములపై మంచు కరగుచుండును, అడుగున కాటన్‌వుడ్ చెట్లు చిగురించుచుండును. ఉదయమున ఉన్నికోటు లేనిదే అడుగు బయటపెట్టలేము, మధ్యాహ్నమగుసరికి చొక్కా సైతము బరువగును. లాస్ వేగాస్‌లో నుద్యోగము చేయుచున్న మా మేనల్లుడు కారు నడిపెను. ఆ నగరమును విడిచి, మొహావీ ఎడారి మీదుగ నీశాన్యముగ 160 మైళ్ల దారి ముగియవచ్చుసరికి, అంతవఱకు బూడిదవన్నెగ నున్న కొండలు క్రమముగ నెఱ్ఱనగుట మొదలిడును. స్ప్రింగ్‌డేల్ అను చిన్న యూరిలో బసచేసినచో ఉద్యానద్వారము అచ్చటికి నడకదూరమే. 2000వ సంవత్సరము నుండి, సందర్శకులు మెండుగ వచ్చు మాసములలో, సొంత కార్లను లోయదారిలోనికి రానీయక ఉద్యానమువారే బస్సులు నడుపుచున్నారు. కారును బయట విడిచిపోవుట మావానికి రుచింపలేదు. నాకు మాత్రమది మహోపకారముగ తోచెను. ఏలయనగా, దింపిన బస్సు మలుపు తిరిగిపోయిన మఱుక్షణమున లోయలో వినవచ్చునది నదీధ్వని యొక్కటియే.

ఇక కెమెరా సంగతి. లోయ యుత్తర దక్షిణములుగ సాగినందున, ప్రాతఃకాలమున పడమటి గోడయు సాయంకాలమున తూర్పు గోడయు వెలుగుచుండును. అడుగునకు సాక్షాత్తుగ నెండ తగులు వేళ కొద్దిగంటలు మాత్రమే. క్రొత్తగ వచ్చిన ఛాయాగ్రాహకుడు సహజముగ నెండ తగిలిన శిఖరమునకే కెమెరా నెక్కుపెట్టును. కోర్ట్ ఆఫ్ ది పేట్రియార్క్స్ అను మూడు శిఖరములయెదుట ఉదయమునను, వాచ్‌మన్ శిఖరము కనబడు వంతెన దగ్గఱ సాయంకాలమునను ట్రైపాడులు భుజములు రాచుకొని నిలుచుట వాడుక. ఎఱ్ఱని శిఖరము, నీలాకాశము, క్రింద పచ్చని చెట్లు. చిత్రము చక్కగనే వచ్చును, వెనుకటి సంవత్సరపు క్యాలెండరులో వచ్చినట్లే వచ్చును. నా యభిప్రాయమున నా లోయలో తీయదగిన వస్తువు శిఖరము కాదు, నీడ.

ఏ నీడ యైనను కాదు. ఎదుటిగోడ నుండి యెరవు వెలుగు వచ్చి పడిన నీడ. మన పల్లెలలో, ఎదురింటి సున్నపుగోడపై పడిన యెండ వీథి దాటి మన వసారాలోనికి వచ్చి, చాపపై కూర్చుండి బియ్యమేఱు ముసలమ్మ మొగమును వెలిగించునట్లు, ఇచ్చట నొక గోడకు తగిలిన సూర్యకాంతి చెదరి, లోయ దాటి, ఎండ యెఱుగని రెండవ గోడపై పడును. సున్నపుగోడ తెల్లనిది గనుక దాని వెలుగు తెల్లగ వచ్చును. ఈ గోడ యినుపతుప్పు కలిసినది గనుక దీని వెలుగు కాషాయవర్ణమై వచ్చును. అదే సమయమున పైనుండి నీలాకాశపు చల్లని కాంతియు దిగుచుండును. ఈ రెండును కలిసిన తావున, నదిలో తడిసిన యొక్క ఱాతికే గోడవైపు బంగారువన్నెయు, ఆకాశమువైపు నీలివన్నెయు కలిగి, చూచుచున్నంతసేపు అది యే రంగు ఱాయియో నిర్ణయింప వీలుకాకుండును. ఎరవుల సొమ్ము బరువుల చేటని మన పెద్దలు గృహస్థులను హెచ్చరించిరి గాని, ఆ హెచ్చరిక ఱాళ్లకు వర్తించునట్లు లేదు.

ఈ వెలుగును పట్టుటకు చేయవలసిన మొదటి పని ఆకాశమును చట్రము నుండి వెడలగొట్టుట. ఎండకును నీడకును గల తారతమ్యము కెమెరా యోర్వగలిగిన దానికంటె మిక్కుటము. శిఖరమును చక్కగ తీసినచో నీడ నల్లని ముద్దయగును, నీడను చక్కగ తీసినచో శిఖరము తెల్లని మచ్చయగును. రెండవ పని, విశాలదృశ్యమునకై తెచ్చిన వైడ్ లెన్సును సంచిలోనే యుంచుట. అది రెండువేల యడుగుల గోడను గుట్టగ కుదించి వెనుకకు వాల్చును. దూరపు లెన్సుతో గోడలో నొక తునకను, అందొక చెట్టును తీసికొన్న చాలును. గోడ యెంత పెద్దదో చూపఱి యూహింపగలడు. మూడవది ఓపిక. నీడలో షట్టరు సెకండ్లకొలది తెఱచియుండవలెను. వసంతమున లోయలో మధ్యాహ్నము తిరిగినంతనే గాలి లేచును. చిగురాకు లొక్క క్షణమును నిలువవు. ట్రైపాడు నాటి గాలి తగ్గుటకై నిలిచియున్న నన్ను దాటిపోవుచు, వీపున బిడ్డను మోయుచున్న యొక తల్లి ప్రక్కకు ఒదిగి క్షమాపణ చెప్పినది. దారి కడ్డముగ నున్నది నేనే.

గోడలను గూర్చి కొంత చెప్పవలెను. ఎడారిలో నున్న యీ గోడలు తామే యొకప్పటి ఎడారి. జురాసిక్ యుగమున, దాదాపు 18, 19 కోట్ల సంవత్సరములకు పూర్వము, ఆ ప్రాంతమంతయు విస్తరించియుండిన యిసుకతిన్నెలు, గాలి యెటు వీచిన నటు జరుగుచు, ఒకదానిపై నొకటి పేరుకొని, తరువాత పూడుకపోయి, సున్నమును ఇనుమును అంటుకొని ఱాయియైనవి. నవాహో ఇసుకఱాయి యని దానికి పేరు. జయన్‌లో దాని మందము రెండువేల యడుగులకు మించును. క్రింది భాగమున నెఱుపు ఇనుము వలన వచ్చినది. పై భాగమున తెలుపు తరువాతి కాలమున భూగర్భ ద్రవములు ఆ యినుమును కడిగికొనిపోయినందున మిగిలినది. దగ్గఱకు పోయి చూచినచో గోడనిండ నేటవాలు గీతలు. ఒక్కొక్క గీత యొక్కొక్క తిన్నె జాఱిన వాలు. ఏనాడో వీచిన గాలి దిక్కును ఈనాడు వేలుపెట్టి చూపవచ్చును. ఈ గీతలు నడిమింటి యెండలో వెలవెలబోయి మాయమగును. ప్రక్కనుండి వచ్చు నెరవు వెలుగులో మాత్రమే యొక్కొక్కటిగ లేచి నిలుచును. కనుక నీడను తీయుమని నేను చెప్పుట కేవలము చిత్తవృత్తి కాదు. ఱాతి చరిత్ర చదువుటకును అదియే తగిన దీపము.

గాలి కూర్చిన దానిని కోయుచున్నది నీరు. ఎమరాల్డ్ పూల్స్ అను మడుగులకు పోవు కాలిబాట యొకచోట గుహవలె తొలిచిన గోడ క్రిందుగ పోవును. ఏప్రిల్ మాసమున పైనుండి మంచునీరు సన్నని ధారలై బాటకు ముందుగ పడుచుండగా, మనము ధారలకును గోడకును నడుమ నడచిపోవుదుము. లెన్సు తుడుచుకొనుటయే పనియగును. అచ్చట నిలిచి గమనింపవలసినవి ఆ ధారలు గావు, గోడలోనుండి చెమ్మగ నూఱుచున్న నీరు. పైన కురిసిన వాన ఇసుకఱాతి రేణువుల సందులలో నింకి, దిగి, దిగి, క్రిందనున్న కయెంటా యను బిగువైన పొరను చేరి, అది దారి యీయనందున ప్రక్కకు తిరిగి, గోడ ముఖమున బయటపడును. ఆ లోయలోనే వీపింగ్ రాక్ అను తావున నూఱు నీరు కురిసి వేయి యేండ్లు దాటినదని శాస్త్రజ్ఞులు గణించిరి. రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమును తెనిగింప పూనుకొనకముందు ఆ కొండలపై కురిసిన వాన ఈనాడు చుక్కచుక్కగ బయటికి వచ్చుచున్నదన్నమాట.

ఊటనీటి నాశ్రయించి నిట్టనిలువు గోడలకు తోటలు వ్రేలాడుచుండును: సన్నని నల్లని కాడలు గల ఫెర్నులు, పసుపుపచ్చని కొలంబైన్ పూవులు, వసంతమునందే పూచి పోవు ఊదావన్నె షూటింగ్ స్టార్లు. ఆ తడిలో గుండుసూది తలయంత నత్తయొకటి కాపురముండును. జయన్ నత్త యని పేరు. భూగోళమున మఱెచ్చటను లేదు. చుట్టును వందల మైళ్ల ఎడారియుండగా, దాని ప్రపంచము తడిసిన కొన్ని గజముల గోడ. ఈ తోటలకు ఎండ తగులదు. అవి జీవించుట యెరవు వెలుగు మీదనే. ఆకుపచ్చ వెనుకనున్న ఎఱుపు నీడలో మెత్తపడి, రెండును కలహింపక యుండు నా తావున నేను తీసిన చిత్రములే తక్కిన వానికంటె నా కిష్టమైనవి.

లోయదారి ముగియుచోట నుండి నదియొడ్డున నొక మైలు నడచినచో బాట నీటిలో దిగును. అటుపై నారోస్ అను నిరుకు భాగము: గోడలు దగ్గఱగ నొత్తుకొనివచ్చి, నదియే దారియై, మోకాలిలోతు నీటిలో నడచిపోవలెను. నీడ నాశించువానికి అంతకంటె తీర్థము లేదు. కాని వసంతమున మంచుకరగి వచ్చు ప్రవాహము సెకండుకు 150 ఘనపుటడుగులు మించినపుడు దానిని మూసివేయుదురు, మేము పోయినపుడు మూసియే యుండెను. తొడుగుకొనుటకు నీటిబూట్లు సైతము విచారించి పెట్టుకొన్న మా మేనల్లుడు ఖిన్నుడై, "ఇంత దూరం వచ్చి గుమ్మంలోంచి వెనక్కి పోవడమా మామయ్యా!" అనెను. నే నా గుమ్మమున చాలసేపు కూర్చుంటిని. వర్జిన్ నది యుద్యానములో మైలుకు 50 నుండి 80 అడుగులు దిగును. అంత వాలున ఇసుకను కలుపుకొని ఱాతిని ఒఱయుచు పాఱు నీటిని వేసవిలో చిన్నవాగుగ చూచినవారికి, దాదాపు అరమైలు లోతు లోయను అది కోసినదనుట పుస్తకపు మాటగనే యుండును. ఏప్రిల్‌లో మట్టిరంగై, క్రింద గులకఱాళ్లు దొరలుచున్న చప్పుడుతో వచ్చుచుండగా చూచినచో, ఎవరును చెప్పనక్కఱలేదు.

ఇంత యుద్ధతమైన నది లోయలో చదునైన నేలయు, దానిపై కాటన్‌వుడ్ వనమును ఎట్లు వచ్చెనని మొదటిరోజే నాకు సందేహము కలిగెను. దాదాపు 4,800 సంవత్సరములకు పూర్వము సెంటినెల్ అను కొండనుండి పెనుచఱియ విఱిగిపడి నదికడ్డము నిలిచెను. వెనుక సరస్సు ఏర్పడి, కొన్ని శతాబ్దములు నిలిచి, ఒండ్రుమట్టితో పూడెను. మనము నడచు చదును ఆ సరస్సు అడుగు. ఆ చఱియ యింకను శాంతింపలేదు: 1995 ఏప్రిల్‌లో మరల కొంత జాఱి నదిని మళ్లించగా, నది లోయదారిని కోసివైచి, లోపలనున్న నాలుగువందల యేబదిమందిని చిక్కువఱచెను. అంతకుపూర్వమే, 1930ల దశకమున, నది యిట్టి యల్లరి చేయకుండుటకై ఱాతికట్టలు కట్టిరి. కట్టినవారు సదుద్దేశముతోనే కట్టిరి. కాని కాటన్‌వుడ్ విత్తనము మొలచుటకు వసంతపు వరద పొర్లి క్రొత్త యిసుకమేట వేయవలెను. కట్టలలో బంధింపబడిన నది మేటలు వేయదు. మొలచిన కొన్నింటిని జింకలు మేయును. కావున లోయలో ముదుసలి వృక్షములే మెండు. ఫోటోలో వాని చిగుళ్లు ఎంత లేతగనున్నను, చెట్లు వృద్ధములు, వారసులు కొఱవడినవి.

ఈ లోయను మొదట ఛాయాచిత్రములలో చూపినవాడు, 1870ల తొలి సంవత్సరములలో జాన్ వెస్లీ పావెల్ సర్వేతో తిరిగిన జాన్ హిల్లర్స్. గాజుపలకకు కొలోడియన్ పూసి, అది తడియారక ముందే చిత్రము తీసి, చీకటి గుడారములో నచ్చటికచ్చటనే కడుగుకొనవలసిన రోజులవి. కెమెరాయు రసాయనములును కంచరగాడిదలపై నెక్కించి యట్టి దారులలో తిరిగిన యాతని యోర్పునకు నమస్కరింపవలెను. కాని యా పలక నీలికాంతిని మిక్కిలిగ గ్రహించును, ఎఱుపును దాదాపు గ్రహింపనే గ్రహింపదు. అనగా హిల్లర్స్ పలకలకు ఆకాశము నుండి దిగిన వెలుగు మాత్రమే కనబడెను. గోడనుండి గోడకు పోవుచున్న యీ కాషాయ ఋణము అతని కంటికి కనబడియు కెమెరాకు కనబడలేదు. దానిని తెలుపుటకు చిత్రకారులే కావలసివచ్చిరి. 1873లో థామస్ మొరాన్ వచ్చి నీటిరంగులతో వ్రాసికొనిపోయెను. 1903లో ఫ్రెడరిక్ డెలెన్‌బా వ్రాసిన చిత్రములను మఱుసటి యేట సెయింట్ లూయిస్ మహాప్రదర్శనమున పెట్టగా, చూపఱులు అట్టి రంగులు గల చోటు లోకమున లేదని సందేహించిరట. 1941లో ఆన్సెల్ ఆడమ్స్ ప్రభుత్వపు కోరికపై జాతీయోద్యానములను తీయుచు జయన్‌కును వచ్చెను. అతడు తీసినవి నలుపు తెలుపు చిత్రములే. రంగు లేకున్నను నీడలోపలి నీడలను విడదీసి చూపుట నెఱిగినవాడు గనుక అతని గోడలకు బరువున్నది. రంగుల ఫిల్ము వచ్చినపిమ్మట ఎఱుపును పెంచి పెంచి చూపిన తరువాతివారి చిత్రములలో నాకా బరువు కానరాదు.

ఏంజెల్స్ లాండింగ్ అను శిఖరమును గూర్చి చెప్పకున్న పాఠకులలో ఆ దేశము తిరిగినవారు ఊరుకొనరు. 1926లో కట్టిన యా బాటలో వాల్టర్స్ విగిల్స్ అను 21 మెలికలెక్కి, స్కౌట్ లుకౌట్ అను తావు చేరినపిమ్మట, ఇనుపగొలుసులు పట్టుకొని, రెండు ప్రక్కల నగాధములు గల కత్తివాదర మీదుగ పోవలెను. ఆ గొలుసుల భాగమునకు 2022 ఏప్రిల్ నుండి లాటరీలో అనుమతి తెచ్చుకొనవలెను. మావాడు తెచ్చుకొని పోయెను. నేను లుకౌట్ దగ్గఱనే నిలిచితిని. రెండుచేతులు గొలుసున కప్పగించినవానికి కెమెరాతో పనియేమి? నేను కూర్చున్నచోట ఎదుటిగోడపై పెద్ద నీడయొకటి జాఱిపోవుట ముందు కనబడెను, కాండార్ పక్షి తరువాత కనబడెను. 1982లో లోకమునందంతయు 22 మాత్రమే మిగిలిన జాతియది. ఱెక్కకు సంఖ్యగల బిళ్ల కట్టియుండును. పునరుద్ధరణ మొదలైనది మొదలు వేయవదిగ లెక్కింపబడిన పిల్ల 2019లో ఈ యుద్యానముననే పొదగబడెను. నా చిత్రములో పక్షి లేదు, దాని నీడయే వచ్చెను.

ఆనాటి రాత్రి బసలో కూర్చుండి చిత్రములు పోల్చుకొనుచుండగా వివాదము వచ్చెను. నదియొడ్డున నే నిలిచిన తావుననే నిలిచి వాడును తన ఫోనుతో తీసియుండెను. వాని చిత్రములో నీడగోడ బూడిదరంగున, శుభ్రముగ, ఏ ఊరి గోడయైనను కావచ్చుననునట్లుండెను.

"చూడండి మామయ్యా, నాది ఎంత తేటగా వచ్చిందో. మీది కాషాయం పులిమినట్టుంది. ఫోను దానంతటదే సరిచేసేసింది."

"సరిచేయడానికి అక్కడ తప్పేముందిరా?"

"నీడంటే ఎరుపుండదు గదా!"

తెల్లని వస్తువు ఎచ్చటనైనను తెల్లగనే కనబడవలెనను సూత్రముతో నా యంత్రమును నిర్మించిరి. ఇంటిలోని దీపము పసుపును తొలగించినట్లే అది ఎదుటిగోడ యిచ్చిన ఎఱుపునుగూడ దోషమని యెంచి తొలగించును. వంటింటి ఫోటోకు అది మేలే. లోయలో మాత్రము అది చూడవచ్చిన దానినే తుడిచివేయుట. నేను కెమెరాను పగటివెలుగు అమరికలోనే బిగించి యుంచుదును. ఎఱుపు ఎఱుపుగను నీలము నీలముగను వచ్చుగాక. ఈ సంగతి వివరించితిని. వాడు ఫోనులో నెచ్చటనో వెదకి, ఆ సరిచేయుటను ఆపు మీట కనుగొని, మఱునాటి యుదయము నాకంటె ముందే నదియొడ్డున నుండెను, ఆ పిమ్మట తీసినవి తల్లికి పంపగా, "అన్నీ సాయంత్రమే తీశారా?" అని మా అక్క అడిగెనట.

తిరుగుప్రయాణము తూర్పుదారిన పెట్టుకొంటిమి. 1930లో ముగించిన, మైలునకు మించిన సొరంగము కొండను దొలుచుకొని పోవును. గోడకు తెఱచిన కిటికీలలోనుండి లోయ యొక్కొక్క క్షణము కనబడి మాయమగును. ఆవల వెలువడినంతనే లోకము మాఱును. లోయ లేదు, ఎదుటిగోడ లేదు, కావున ఎరవు వెలుగును లేదు. తెల్లని ఱాతిదిన్నెలు ఆకాశము క్రింద బోర్లపడి యుండును. చెకర్‌బోర్డ్ మీసా యను కొండపై తిన్నెల గీతలు అడ్డముగను, చలికి విచ్చిన పగుళ్లు నిలువుగను పోయి, గళ్లు గీసినట్లుండును. సూర్యుడు నడినెత్తిన నున్నాడు. నేను కెమెరాను సంచిలో పెట్టి జిప్పు వేసితిని.

మఱికొంత దూరము పోగా, దారిప్రక్క ఱాతిపలకపై ఎడారి కొమ్ముగొఱ్ఱెలు నాలుగైదు నిలిచియుండెను, అందొకటి పుట్టి పక్షమైన కాని పిల్ల. ఆ ప్రాంతమున అంతరించిపోయిన యీ జాతిని 1970ల దశకమున తెచ్చి మరల విడిచిరి. మేనల్లుడు కారు ప్రక్కకు తీసి ఆపి, నా వంక చూచి, "ఈ ఎండలో మీరు తీయరుగా మామయ్యా?" అనెను. నేను జిప్పు తెఱచి, దూరపు లెన్సు తగిలించి, అద్దము దించుకొని, పిల్ల తల్లిచాటునకు పోవుదాక వరుసగ తీసితిని. గొఱ్ఱె సాయంకాలము దాక నిలిచియుండునా?